కాలి ధమనుల వ్యాధి: అవగాహన, గుర్తింపు

కాళ్లకు రక్తం తీసుకెళ్లే ధమనుల లోపలి గోడల్లో కొవ్వూ సున్నమూ పేరుకుని దారి ఇరుకైపోవడం వల్ల వచ్చే జబ్బును పెరిఫెరల్ ఆర్టరీ డిసీజ్ అంటారు. ఆసుపత్రి వాడుకలో దీని పేరు పి.ఎ.డి. గుండెపోటుకూ, చాలా రకాల పక్షవాతానికీ మూలమైన అథెరోస్క్లీరోసిసే దీనికీ మూలం. పొత్తికడుపులో బృహద్ధమని రెండుగా చీలిన చోటు నుంచి తొడల్లో, మోకాలి వెనక, పిక్కల్లో, పాదం దాకా ఎక్కడైనా ఈ ఇరుకు ఏర్పడవచ్చు. 2013లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అంచనా ప్రకారం 2010 నాటికి ప్రపంచంలో 20.2 కోట్ల మందికి ఈ జబ్బు ఉంది. 2015కి సంబంధించిన మరో అంచనా పాతికేళ్లు దాటిన వారిలో ఆ సంఖ్యను 23.6 కోట్లుగా చూపింది. వారిలో దాదాపు మూడొంతుల మంది అల్ప, మధ్యాదాయ దేశాల వాళ్లు.

ఈ సంఖ్యలు ఆసుపత్రి రికార్డుల నుంచి వచ్చినవి కావు. పరిశోధకులు జనం దగ్గరకు వెళ్లి, పడుకోబెట్టి, కాలి దగ్గర రక్తపోటు కొలిచి లెక్కగట్టినవి. ఆసుపత్రి రికార్డుల్లో పి.ఎ.డి. అని రాసి ఉన్నవాళ్లు ఇంతమంది ఉండరు. కొలిస్తే బయటపడే రోగులకూ, కొలవకుండానే తెలిసిన రోగులకూ మధ్య ఇంత తేడా ఉండటానికి కారణాలు చెప్పడమే ఈ వ్యాసం పని.

నొప్పి లేని నొప్పి జబ్బు

కొంత దూరం నడవగానే పిక్క పట్టేయడం, ఆగి నిలబడితే కొద్ది నిమిషాల్లో తగ్గిపోవడం, మళ్లీ అంతే దూరం నడిస్తే మళ్లీ పట్టేయడం: వైద్య విద్యార్థులు ఈ జబ్బు గురించి మొదట నేర్చుకునే లక్షణం ఇదే. దీన్ని ఇంటర్మిటెంట్ క్లాడికేషన్ అంటారు. మొదట గమనించింది మనుషుల్లో కాదు. 1831లో ఫ్రాన్సులో బూలే అనే పశువైద్యుడు బండి లాగే గుర్రం కాసేపు పరిగెత్తి కుంటడం, ఆగితే తేరుకోవడం చూసి, దానికి కారణం తొడ ధమని మూసుకుపోవడమని రాశాడు. 1858లో జాఁ మార్తాఁ షార్కో అదే లక్షణాన్ని ఒక మాజీ సైనికుడిలో వర్ణించాడు. ఆ తర్వాత వంద సంవత్సరాలకు పైగా పి.ఎ.డి. అంటే ఈ నొప్పే. 1962లో జెఫ్రీ రోజ్ జనాభా సర్వేల కోసం తయారుచేసిన ప్రశ్నావళి కూడా ఈ నొప్పినే వెతికింది. 1992లో ఎడిన్‌బరోలో దాన్ని మెరుగుపరిచి కొత్త ప్రశ్నావళి రాశారు. అదీ ఈ నొప్పి కోసమే.

చిక్కంతా ఇక్కడే మొదలైంది. అమెరికాలో పార్ట్‌నర్స్ అనే అధ్యయనం 2001లో వెలువడింది. 350 ప్రాథమిక వైద్యశాలల్లో 6,979 మందిని పరీక్షించారు. వాళ్లంతా 70 దాటినవారు, లేదా 50 నుంచి 69 ఏళ్ల మధ్య ఉండి మధుమేహమో పొగతాగే అలవాటో ఉన్నవారు. నూటికి 29 మందిలో పి.ఎ.డి. బయటపడింది. అలా బయటపడినవాళ్లలో పుస్తకంలో రాసిన నొప్పి ఉన్నవాళ్లు నూటికి 11 మందే. కాబట్టి ఆ ఒక్క నొప్పి గురించే అడిగే డాక్టరు పది మందిలో తొమ్మిది మందిని చూడకుండానే పంపేస్తాడు.

మిగతావాళ్లకు ఏమీ లేదా? ఉంది. షికాగోలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో మేరీ మెక్‌డెర్మాట్ బృందం ఏళ్ల తరబడి ఇలాంటి రోగులను గమనించింది. నొప్పి లేదని చెప్పినవాళ్లు కూడా జబ్బు లేనివాళ్ల కంటే నెమ్మదిగా నడుస్తున్నారనీ, తక్కువ దూరం పోతున్నారనీ, కాలం గడిచేకొద్దీ వాళ్ల నడక ఇంకా తగ్గుతోందనీ తేలింది. నొప్పి వచ్చేంత దూరం వాళ్లు నడవడమే మానేశారు. కొందరికి నొప్పికి బదులు బరువు, నీరసం, తొడల్లో లాగడం, పిరుదుల్లో సలపరం ఉంటాయి. ఆడవాళ్లలో ఈ అస్పష్టమైన రూపం మరీ ఎక్కువ. ఇంటి నుంచి కూరగాయల బజారు దాకా నడిచే మనిషి వీధి చివరి దుకాణంతో సరిపెట్టుకోవడం, మేడ మెట్లు ఎక్కడం మానుకోవడం, ఆ తర్వాత గడప దాటడమే తగ్గించుకోవడం ఒక్కరోజులో జరిగేది కాదు కనుక ఎవరికీ జబ్బుగా కనపడదు. అడిగితే "నాకేం నొప్పి లేదు" అనే చెబుతారు. ఆ మాట నిజమే. అందుకే నొప్పి ఉందా అని అడగడం కంటే, రెండేళ్ల కిందట ఎంత దూరం నడిచేవారు, ఇప్పుడు ఎంత నడుస్తున్నారు అని అడగడం మేలు.

జనం ఎరుక

జబ్బు పేరు తెలియకపోవడం ఒక్క పేద దేశాల సమస్య కాదు. 2007లో సర్క్యులేషన్ పత్రికలో అమెరికా తొలి జాతీయ అవగాహన సర్వే ఫలితాలు వచ్చాయి. యాభై దాటిన 2,501 మందిని ఫోనులో ప్రశ్నిస్తే నూటికి 26 మందికే ఈ జబ్బు పేరు పరిచయం. పక్షవాతం, గుండె రక్తనాళాల జబ్బు గురించి మాత్రం మూడింట రెండొంతులకు పైగా విని ఉన్నారు. పేరు తెలిసిన ఆ 26 మందిలోనూ సగం మందికి మధుమేహం, పొగ దీనికి కారణాలని తెలియదు. ఇది గుండెపోటు ముప్పును పెంచుతుందని నాలుగో వంతు మందికే తెలుసు. కాలు తీసేయవలసిన పరిస్థితి రావచ్చని తెలిసినవాళ్లు నూటికి 14 మంది. అక్కడ సెప్టెంబరు నెలను పి.ఎ.డి. అవగాహన మాసంగా పాటిస్తారు. మన దేశంలో వాస్క్యులర్ సొసైటీ ఆఫ్ ఇండియా ఆగస్టు 6న జాతీయ వాస్క్యులర్ దినం జరుపుతూ, కాళ్లు తీసేసే అవసరం రాకూడదన్న నినాదంతో నడకలు నిర్వహిస్తోంది.

తెలుగు ఇళ్లలో కాలినొప్పికి సిద్ధంగా ఉన్న సమాధానాలు మూడు: వయసు, వాతం, నరాల బలహీనత. మూడింటికీ మందుల దుకాణంలో ఏదో ఒకటి దొరుకుతుంది. నొప్పి మాత్ర, బి-కాంప్లెక్స్, పూత మందు. వీటిలో ఏదీ ధమనిని తెరవదు, కాని ప్రతి ఒక్కటీ కొన్ని నెలలు తినేస్తుంది. ఉబ్బిన సిరలు, అంటే వెరికోస్ వెయిన్స్, కంటికి కనబడతాయి కనుక వాటికి జనం త్వరగా డాక్టరు దగ్గరకు వెళతారు. ధమని మూసుకుపోవడం బయటికి కనబడదు. పైగా ఒకదానికి చేసే ఉపచారం ఇంకొకదానికి హాని చేస్తుంది. కాళ్ల వాపు తగ్గడానికి వేసుకునే బిగుతు మేజోళ్లు, ధమనులు బాగా ఇరుకైన కాలికి ఉన్న కాస్త రక్తాన్నీ ఆపేస్తాయి. తిమ్మిరెక్కిన పాదానికి వేడినీళ్ల కాపడం పెడితే ఆ మనిషికి చర్మం కాలినట్టు కూడా తెలియదు. మర్నాడు బొబ్బ కనబడుతుంది, అదే పుండవుతుంది. ఆనెకాయను ఇంట్లో బ్లేడుతో కోసుకోవడం కూడా ఇంతే ప్రమాదం. రక్తం అందని చోట చిన్న గాయం మానదు.

డాక్టరు గదిలో

పార్ట్‌నర్స్ అధ్యయనంలో అందరూ గుర్తుంచుకోవలసిన సంగతి ఇంకొకటి ఉంది. తమకు పి.ఎ.డి. ఉందని అంతకు ముందే నిర్ధారణ అయినవాళ్లలో 83 శాతం మందికి ఆ సంగతి గుర్తుంది. వాళ్లను చూస్తున్న డాక్టర్లలో 49 శాతం మందికే తెలుసు. జనానికి అవగాహన లేదని నెపం వేసే ముందు ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. గుండె జబ్బు ఉన్న రోగులకు రాసినన్ని కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్లు, రక్తం గడ్డకట్టకుండా చూసే మందులు పి.ఎ.డి. మాత్రమే ఉన్నవాళ్లకు రాయడం లేదని కూడా ఆ అధ్యయనమే చూపింది.

నాడి పట్టి చూడటం డాక్టర్లు చేతికే పరిమితం చేసుకున్నారు. పాదం పైభాగంలో ఒకటి, లోపలి చీలమండ ఎముక వెనక ఒకటి, కాలికి రెండు నాడులు వేళ్లకు అందాలి. చూడాలంటే చెప్పులు విప్పించాలి, రోగిని బల్ల మీద పడుకోబెట్టాలి, వంగి చూడాలి. రద్దీగా ఉండే ఓపీలో ఇదే కుదరదు. నాడి అందితే జబ్బు లేనట్టే అనలేం, అందకపోతే ఉన్నట్టే అనీ అనలేం. కొందరికి పాదం పైనాడి పుట్టుకతోనే అందదు. అయినా నాడి చూడటం వల్ల అనుమానం పుడుతుంది. అనుమానం పుడితేనే తరువాతి పరీక్ష.

ఆ పరీక్ష చాలా సాదాది. రోగిని కొన్ని నిమిషాలు పడుకోబెట్టి, రెండు చేతులకూ రెండు చీలమండలకూ మామూలు బీపీ పట్టీ కట్టి, చేతిలో ఇమిడే డాప్లర్ పరికరంతో రక్తపోటు చూస్తారు. కాలి అంకెను చేతి అంకెతో భాగిస్తే వచ్చేదే యాంకిల్ బ్రాకియల్ ఇండెక్స్, పొట్టిగా ఏబీఐ. చేతి దగ్గర 140 ఉండి కాలి దగ్గర 84 ఉంటే ఏబీఐ 0.60. మామూలుగా అది 1.00 నుంచి 1.40 మధ్య ఉంటుంది, 0.90 గానీ అంతకు తక్కువ గానీ ఉంటే జబ్బు ఉన్నట్టే. సూది లేదు, మందు ఎక్కించడం లేదు, రేడియేషన్ లేదు. 1950లో ట్రావిస్ విన్సర్ చీలమండ రక్తపోటు కొలతను వర్ణించిన నాటి నుంచి వైద్యులకు ఇది అందుబాటులో ఉన్నదే. దీనికి కావలసినవి పావుగంట సమయం, నేర్పు ఉన్న సిబ్బంది, పరీక్షకు డబ్బు చెల్లించే ఏర్పాటు. అమెరికా డాక్టర్లను అడిగినప్పుడు ఈ మూడూ లేవనే చెప్పారు.

వెన్నెముకలో నరాల దారి ఇరుకైనప్పుడు వచ్చే నొప్పిని దీనితో పొరబడటం సాధారణం. ఆ నొప్పికి ఆగి నిలబడితే చాలదు, కూర్చోవాలి, లేదా ముందుకు వంగాలి. ధమని నొప్పి ఉన్నచోటే నిలబడినా తగ్గుతుంది. పెద్ద వయసులో రెండూ ఒకే మనిషికి ఉండవచ్చు కనుక ఎమ్మారైలో వెన్నెముక దోషం కనబడగానే వెతకడం ఆపేయకూడదు.

మధుమేహం అడ్డు

మన దేశంలో ఈ జబ్బు గురించి మాట్లాడటమంటే ముందుగా మధుమేహం గురించి మాట్లాడటం. ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం 2023లో దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని అంచనా వేసింది. చెన్నై నగరంలో రెండు నివాస ప్రాంతాల్లో జరిగి 2000లో వెలువడిన అధ్యయనంలో కాలి ధమనుల జబ్బు మొత్తం మీద 3.2 శాతం మందికి, మధుమేహం ఉన్నవాళ్లలో 6.3 శాతం మందికి కనబడింది. పాశ్చాత్య దేశాల లెక్కలతో పోలిస్తే ఇది తక్కువ. దాన్ని చూసి ఊరట చెందే ముందు ఆలోచించవలసినవి రెండు ఉన్నాయి.

మొదటిది, మధుమేహం నరాలను దెబ్బతీస్తుంది. పాదాల్లో స్పర్శ పోయిన మనిషికి నొప్పి ఎలా తెలుస్తుంది? జబ్బు తనను తాను చెప్పుకునే ఒక్క దారీ మూసుకుపోతుంది. తిమ్మిర్లు, మంటలు ఉంటే అవన్నీ షుగరు వల్లే అనుకుని మందు రాస్తారు, ధమని సంగతి ఎవరూ చూడరు. మొదట కనబడే లక్షణమే మానని పుండు, లేదా నల్లబడిన వేలు కావచ్చు.

రెండోది, ఏబీఐ అనే పరీక్షే ఇక్కడ తప్పుదారి పట్టించవచ్చు. ఏళ్ల తరబడి మధుమేహం ఉన్నవాళ్లలో, కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లలో ధమని మధ్యపొరలో సున్నం చేరి గోడ గట్టిపడుతుంది. బీపీ పట్టీ ఎంత బిగించినా అది నొక్కుకుపోదు. దాంతో రక్తం సరిగ్గా అందని కాలికి కూడా 1.0 అనో, 1.4 పైన అనో అంకె వస్తుంది. పైగా మధుమేహంలో ఇరుకు ఎక్కువగా మోకాలి కింది సన్నటి ధమనుల్లో ఉంటుంది. అలాంటప్పుడు కాలి బొటనవేలికి చిన్న పట్టీ కట్టి అక్కడి రక్తపోటు చూడాలి, ఎందుకంటే వేలి ధమనుల్లో సున్నం అంతగా చేరదు. బొటనవేలి నిష్పత్తి 0.70 కంటే తక్కువైతే జబ్బును అనుమానిస్తారు. చౌకైన పరీక్ష ఎవరికి ఎక్కువ కావాలో వాళ్లలోనే పొరబడుతుందన్న ఈ సంగతి, ప్రచారం నిర్వహించేవాళ్లు కూడా తరచు మరిచిపోయేది.

పొగాకు

మధుమేహంతో పాటు మరో పెద్ద కారణం పొగాకు. గుండె జబ్బు కంటే కూడా కాలి జబ్బుతోనే పొగకు బంధం గట్టిది. సిగరెట్టు, బీడీ, చుట్ట దేనికీ మినహాయింపు లేదు. యువకుల్లో కాళ్ల వేళ్లు నల్లబడే బర్గర్స్ డిసీజ్ మరో జబ్బు. దాన్ని న్యూయార్క్ వైద్యుడు లియో బర్గర్ 1908లో వివరించాడు. ఇది కొవ్వు పేరుకోవడం వల్ల వచ్చేది కాదు, చిన్న, మధ్యరకం రక్తనాళాల వాపు. పొగాకు లేకుండా దాదాపు రాదు, పొగాకు మానకుండా ఆగదు. మన దేశంలోనూ, తూర్పు ఆసియాలోనూ పడమటి దేశాల కంటే ఎక్కువ. నలభై లోపు మనిషికి కాలి వేళ్ల నొప్పి అంటే ధమని జబ్బు తట్టదు కనుక ఇక్కడా ఆలస్యమే జరుగుతుంది.

పొగ తాగేది మగవాళ్లేనన్న అంచనా కూడా గుర్తింపుకు అడ్డమే. ఉత్తరాంధ్ర తీర గ్రామాల్లో నిప్పు ఉన్న కొసను నోట్లో ఉంచుకుని చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటు ఆడవాళ్లలో ఉంది. దాని మీద పరిశోధన చాలావరకు అంగిలి పుండ్లు, క్యాన్సర్ చుట్టూ సాగింది. ఆ ఊళ్ల పెద్దామె కాళ్లు లాగుతున్నాయని వస్తే చుట్ట సంగతి అడగాలి, పాదాల నాడీ చూడాలి.

కాలు, గుండె

కాలి జబ్బు కాలితోనే ఆగితే ఇంత చర్చ అవసరం ఉండేది కాదు. 1992లో మైకేల్ క్రికీ బృందం దక్షిణ కాలిఫోర్నియాలో 565 మందిని పదేళ్లు గమనించి రాసిన వ్యాసం ఈ విషయంలో మలుపు. పెద్ద ధమనుల జబ్బు ఉన్నవాళ్లలో ఏ కారణం వల్లనైనా చనిపోయే ప్రమాదం జబ్బు లేనివాళ్ల కంటే 3.1 రెట్లు, గుండె, రక్తనాళాల జబ్బులతో చనిపోయే ప్రమాదం 5.9 రెట్లు ఉంది. కాలు తీసేయవలసి వచ్చే రోగుల కంటే గుండెపోటుతో, పక్షవాతంతో పోయే రోగులే ఎక్కువ.

బ్రిటన్ రాజు ఆరవ జార్జి జీవితంలో ఈ క్రమం స్పష్టంగా కనిపిస్తుంది. ఆయన విపరీతంగా పొగ తాగేవాడు. 1948 మొదట్లో కాళ్లు పట్టేయడం మొదలైంది. ఆ ఏడాది చివరకు పాదం తిమ్మిరెక్కి, కుడికాలు తీసేయవలసి వస్తుందేమోనని వైద్యులు భయపడేదాకా వచ్చింది. ఆస్ట్రేలియా పర్యటన వాయిదా వేశారు. 1949 మార్చిలో ఎడిన్‌బరో సర్జన్ జేమ్స్ లీర్‌మంత్ బకింగ్‌హామ్ రాజభవనంలోనే నడుము దగ్గరి సింపథెటిక్ నరాలకు శస్త్రచికిత్స చేశాడు. కాలు దక్కింది. 1951లో ఊపిరితిత్తి తీసేశారు. 1952 ఫిబ్రవరి 6న నిద్రలో, గుండె ధమనిలో రక్తం గడ్డకట్టి, 56వ ఏట చనిపోయాడు. దేశంలో అందరికంటే మంచి వైద్యం అందిన రోగికే కాళ్లు మొదట పట్టేయడానికీ శస్త్రచికిత్సకూ మధ్య ఏడాదికి పైగా గడిచింది.

కాలు పోయేదాకా

విశ్రాంతిలో ఉన్నప్పుడు, ముఖ్యంగా రాత్రి పడుకున్నప్పుడు పాదం నొప్పి పుట్టి, మంచం మీద నుంచి కాలు కిందికి వేలాడదీస్తే తగ్గడం. పుండు వారాలు గడిచినా మానకపోవడం. వేలు నల్లబడటం: ఇవి కాలికి ప్రాణాపాయం వచ్చిన గుర్తులు. 2007 నాటి టాస్క్-2 అంతర్జాతీయ పత్రం ప్రకారం ఈ దశకు చేరినవాళ్లలో ఏడాది తిరిగేసరికి దాదాపు నాలుగో వంతు మంది చనిపోతారు, అంతకంటే కాస్త ఎక్కువ మంది కాలు కోల్పోతారు. ఈ దశలో రోజులు కూడా విలువైనవే. పుండుకు రోజూ కట్టు మారుస్తూ, యాంటీబయాటిక్ మారుస్తూ, రక్తం అందుతోందా లేదా అని ఒక్కసారీ చూడకుండా నెలలు గడపడం మన ఊళ్లలో జరిగే అతి పెద్ద పొరపాటు.

రక్తం అందేలా చేసే దారులు ఉన్నాయి. 1964 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో రేడియాలజిస్టు చార్లెస్ డాటర్, కాలు తీయించుకోవడానికి ఒప్పుకోని 82 ఏళ్ల స్త్రీ తొడ ధమనిని చర్మం ద్వారా పంపిన గొట్టాలతో తెరిచాడు. గుండెకు చేసే యాంజియోప్లాస్టీకి పునాది పడింది కాలిలోనే. అయినా గుండెకు స్టెంటు వేస్తారని తెలిసిన మన జనంలో చాలామందికి కాలికీ వేస్తారని తెలియదు.

సంపన్న దేశంలోనూ ఈ దారి అందరికీ తెరిచి లేదు. అమెరికాలో నల్లజాతివారికి పి.ఎ.డి. ఇతరుల కంటే దాదాపు రెండు రెట్లు. కాళ్లు తీసేయడమూ వాళ్లలోనే ఎక్కువ, ముఖ్యంగా మిసిసిపీ డెల్టా వంటి పేద ప్రాంతాల్లో. చాలామందికి ధమనులు ఎలా ఉన్నాయో యాంజియోగ్రామ్ కూడా తీయకుండానే కాలు తీసేశారని 2020లో ప్రోపబ్లికా పత్రికా కథనం బయటపెట్టింది. ఆ ఏడాదే ముప్పు ఉన్నవాళ్లకు ఉచిత పరీక్షలు జరపాలనీ, పరీక్ష లేకుండా కాలు తీస్తే డబ్బు చెల్లించకూడదనీ డోనాల్డ్ పేన్ జూనియర్ అమెరికా కాంగ్రెసులో బిల్లు పెట్టాడు.

ముందే కనిపెడితే చేసేది

పొగాకు మానడం, స్టాటిన్, ఆస్పిరిన్ లేదా క్లోపిడోగ్రెల్, బీపీ, షుగరు అదుపు: ఇవి పునాది. కొందరికి ఆస్పిరిన్‌తో పాటు తక్కువ మోతాదు రివరాక్సబాన్ ఇవ్వడం వల్ల మేలని 2017 నాటి కంపాస్ అధ్యయనం చూపింది. నడక దూరం పెంచే సిలోస్టజోల్‌ను గుండె వైఫల్యం ఉన్నవాళ్లకు ఇవ్వకూడదు. టైప్-2 మధుమేహంతో పాటు ఈ జబ్బు ఉన్నవాళ్లలో సెమాగ్లుటైడ్ నడక దూరాన్ని పెంచిందని 2025లో స్ట్రైడ్ అధ్యయనం తేల్చింది.

అన్నింటికంటే వింతగా తోచే మందు నడకే. నొప్పి వచ్చేదాకా నడిచి, ఆగి, తగ్గాక మళ్లీ నడవడం, వారానికి మూడుసార్లు, ఒక్కోసారి అరగంట నుంచి ముప్పావుగంట, కనీసం 12 వారాలు. పర్యవేక్షణలో చేస్తే నొప్పి లేకుండా నడిచే దూరం బాగా పెరుగుతుంది. కాళ్లు నొప్పి పుడుతున్నాయి కదా, విశ్రాంతి తీసుకోండి అని ఇంట్లోవాళ్లు ప్రేమగా ఇచ్చే సలహా దీనికి సరిగ్గా ఎదురు. పుండు ఉన్నవాళ్లకు మాత్రం ఈ నడక వర్తించదు.

అందరినీ పరీక్షించాలా

ఇక్కడ నిపుణుల్లో ఏకాభిప్రాయం లేదు. లక్షణాలు లేనివాళ్లందరికీ ఏబీఐ చేయాలా వద్దా తేల్చడానికి ఆధారాలు చాలవని అమెరికా నివారణ సేవల కార్యదళం 2018లో ప్రకటించింది. అంతకు ఏడాది ముందు డెన్మార్క్‌లో వివా అధ్యయనం 65 నుంచి 74 ఏళ్ల పురుషులు 50,156 మందిలో, కడుపులో బృహద్ధమని ఉబ్బు, కాలి ధమనులు, రక్తపోటు మూడూ కలిపి పరీక్షిస్తే అయిదేళ్లలో మరణాలు 7 శాతం తగ్గాయని చూపింది. అదే దేశంలో 2022లో వచ్చిన డాన్‌కవాస్ అధ్యయనంలో ఇంకా విస్తృతమైన పరీక్షలు చేసినా మొత్తం మరణాల్లో గణనీయమైన తగ్గుదల కనిపించలేదు. అందుకే 2024 అమెరికా హృద్రోగ సంఘాల మార్గదర్శకాలు అందరినీ కాక, 65 దాటినవారిని, 50 దాటి పొగ, మధుమేహం వంటి ముప్పు ఉన్నవారిని, ఇంకా చిన్న వయసులోనే మధుమేహంతో పాటు మరో ముప్పు ఉన్నవారిని పరీక్షించడం సబబని చెబుతున్నాయి. మధుమేహం ఉన్న ప్రతి ఒక్కరి పాదాలూ ఏడాదికి ఒకసారైనా పూర్తిగా చూడాలన్నదాంట్లో మాత్రం భేదాభిప్రాయం లేదు.

మన దేశంలో ముప్పై దాటినవారికి జరిపే సాంక్రమికేతర వ్యాధుల పరీక్షలు అయిదింటి కోసం: బీపీ, షుగరు, నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లు. బీపీ పట్టీ ఇప్పటికే ఆరోగ్య కార్యకర్త సంచిలో ఉంది. లేనిది చేతిలో ఇమిడే డాప్లర్, దాన్ని వాడే శిక్షణ, అనుమానం వచ్చినవాళ్లను ఏ ఆసుపత్రికి పంపాలో తెలిపే ఏర్పాటు. షుగరు ఉందని తేలినవాళ్లకు అదే రోజు చెప్పులు విప్పించి, వేళ్ల సందులు చూసి, రెండు పాదాల్లోనూ నాడి పట్టి చూడటానికి ఆ డాప్లర్ కూడా అక్కర్లేదు.